తడక మూసిందెవరు

చంద్రయ్య గడ్డపారతో మూడో గుంత తవ్వేశాడు. ఇంకొక్కటి తవ్వి, నాలుగు రాతి కడీలు పాతి ముళ్లతీగ చుట్టేస్తే కొండాపూర్ గుట్టకు మోటారు బండ్లు పోయే దారి ఇక లేనట్టే.

"పెద్దయ్యా, ఒక్క మాట విను," ఆ గుట్ట మీద బైకులు తొక్కే పన్నెండు మందిలో ఒకడైన అనిల్ బతిమాలాడు.

"నీ మాట గా గొర్రెలకు చెప్పుపో. అవి ఇంటె నేను గూడ ఇంట."

దొడ్డి పక్కన గోనెసంచుల మీద మూడు చూడి గొర్రెలు వరసగా పడి ఉన్నాయి. చంద్రయ్య భార్య కొమురమ్మ వాటి దగ్గర కూర్చుని, ఈగలు వాలకుండా కొంగుతో విసురుతోంది. చచ్చినవాటికి విసురుతున్న ఆ చెయ్యి మీదనుంచి అనిల్ చూపు తిప్పుకున్నాడు.

నిన్న, శనివారం పొద్దున జరిగిందది. కొత్త రోడ్డు కోసం గుట్ట అవతల బండలు పేలుస్తున్నారు. పేల్చేముందు సైరన్ మోగిస్తారు. ఆ మోత వినగానే మంద దానంతటదే కిందికి దిగి, రెండు పెద్ద రాతిగుండ్ల మధ్య సందులోంచి దొడ్డిలోకి వచ్చేస్తుంది. ఆరు నెలలుగా చంద్రయ్య చేసిన అలవాటు. అందుకే మంద పైన మేస్తున్నంతసేపూ సందుకు కట్టే తడకను తెరిచి, కదలకుండా రాయి ఆనించి ఉంచుతాడు.

నిన్న ఎవరో ఆ రాయి తీసి తడక మూసేశారు. సైరన్ మోగింది. ముందు వచ్చిన గొర్రెలు తడకకు గుద్దుకుని ఆగిపోయాయి. వెనకవి వాటి మీద పడ్డాయి. మోకాళ్ల నొప్పితో చంద్రయ్య కుంటుకుంటూ దిగేసరికి అడుగునున్న మూడూ ఊపిరాడక చచ్చాయి.

"గురువారం వాన వడ్డది. వాన వడితె రెండు దినాలు బండ్లు రావని మీరె జబానిస్తిరి," అన్నాడు చంద్రయ్య, గడ్డపార ఆపకుండానే. "గా భరోసతోనే మందను తోలిన. మీలో ఒకడు వచ్చిండు. వాని పేరు చెప్పుండ్రి. వాడొక్కడు ఈ గుట్ట ఎక్కొద్దు, మిగతోళ్లు ఎక్కుండ్రి. చెప్పకుంటె ఎవ్వడూ ఎక్కొద్దు. పైసలు గిట్ల చూపించకుండ్రి నాకు."

రెండేళ్లలో అనిల్ బండి సాధన చేసే ఇలాంటి నేలలు నాలుగు పోయాయి. గచ్చిబౌలిలో తొక్కిన మిట్టకు ప్రహరీ లేచింది. మాదాపూర్లో బండి గెంతించిన గుంత ఇప్పుడో ఆఫీసు సెల్లారు. మిగిలింది ఈ గుట్ట ఒక్కటే. చెన్నైలో మట్టి రేసుకు పద్దెనిమిది రోజులుంది. అక్కడ మొదటి ముగ్గుర్లో వస్తే బండ్ల కంపెనీ టీములో చోటిస్తామన్నారు. షెడ్డులో నట్లు బిగించే మెకానిక్‌కు అలాంటి పిలుపు మళ్లీ రాదు.

"అనిల్, ఒప్పేసుకోరా," వెనక నుంచి మెల్లగా అన్నారు రామబ్రహ్మం. "నువ్వొక్కడివే ఆగుతావు. మిగతా పదకొండు మందికీ నేల దక్కుతుంది."

ఆయన కరెంటాఫీసులో ఇంజనీరు. ఈ దారి సంపాదించింది ఆయనే. నెల రోజులు చంద్రయ్య వెంట తిరిగి ఒప్పించి, అందరికీ కట్టుబాట్లు పెట్టారు. సైలెన్సర్ లేని బండి రాకూడదు. దొడ్డి దగ్గర ఇంజను ఆపి, సందు దాటేదాకా బండిని నెట్టుకుంటూ పోవాలి. తడక మూసి కట్టాలి. తడినేల తొక్కకూడదు. అనిల్‌కు బండి మీద నిలబడటం నేర్పిందీ ఆయనే.

"నేను రాలే సార్. నిన్న పొద్దుగాల షెడ్డు ముంగట బండి చెక్ చేసిన, గంతే."

"సైలెన్సర్ లేకుండ," అంది కొమురమ్మ తలెత్తకుండా. "గా మోత ఈడిదాంక ఇనవడ్డది, కొడుకా."

"నిజమే పెద్దమ్మా, తప్పే. కాని తడక నేను ముయ్యలే. ఎన్నడన్న మూసిన్నా?"

"పోయిన వారం దానికే తిట్టిన," అన్నాడు చంద్రయ్య. "ఈపాలి బుద్ధొచ్చి మూసినవేమో."

అనిల్ ఇక అక్కడ నిలబడలేకపోయాడు. నాలుగో గుంత మొదలయ్యింది. గబగబా గుండ్ల సందు వైపు నడిచాడు. రామబ్రహ్మం, అవినాష్ వెంట వెళ్లారు. అవినాష్ కూడా ఆ పన్నెండు మందిలో ఒకడు, మాదాపూర్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి.

గొర్రెల గిట్టలు తొక్కని అంచున ఒక టైరు గీత ఎండిపోయి ఉంది. దాని ఎడమ పక్కనే బూటు అడుగులు, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ.

"బండెక్కి తొక్కలే. నెట్టుకుంట పోయిండు," అన్నాడు అనిల్.

"అయితే నువ్వు కాదులే," అవినాష్ అన్నాడు. "పెట్రోలైపోయినా నువ్వు బండి దిగవు. తోసేవాడి కోసం చూస్తూ దాని మీదే కూర్చుంటావు."

అనిల్ తడక గుంజ దగ్గర వంగాడు. తడకకు కట్టిన తీగను చంద్రయ్య నిన్న కత్తితో నరికేశాడు గానీ ముడి గుంజకే ఉంది. రెండు చుట్లు. తీగ కొన లోపలికి వంచి ఉంది. 'గొర్రె మూతికి గుచ్చుకుంటుందిరా, కొన వంచు' అని తనకు వంద సార్లు చెప్పిన గొంతు ఒక్కటే. తను ఒక్కసారీ వంచలేదు.

నిర్లక్ష్యంగా తిరిగేవాడైతే తడక అలాగే వదిలేసేవాడు. గొర్రెలు బతికేవి.

"సార్," అన్నాడు అనిల్, ముడి మీదనుంచి చూపు తిప్పకుండా. "నిన్న పొద్దుగూకినంక మీరు ఫోన్ జేసి నేల ఆరింది, రేపు రమ్మన్నరు. ఆరిందని ఎట్ల ఎరుక?"

"మడమతో నొక్కి చూశాను. నిన్న పొద్దున్నే వచ్చా. తొక్కడానికి కాదుగా. ఇంజను కూడా వేయలేదు. తడక బార్లా తెరిచి ఉంటే, మళ్లీ నువ్వే వదిలేశావనుకుని..."

ఆయన చూపు గోనెసంచుల మీది గొర్రెల వైపు మళ్లింది. అవినాష్ తల పక్కకు తిప్పుకున్నాడు.

రామబ్రహ్మం అనిల్ మణికట్టు పట్టుకున్నారు. "చెప్పకురా. నాకు యాభై నాలుగేళ్లు. ఇంకో నేల వెతికి, ఇంకొకర్ని ఒప్పించే ఓపిక లేదు. ఇది పోతే నాకు ఆదివారమే లేదు."

"నాకు పద్దెనిమిది దినాలే ఉన్నయి సార్."

"తెలుసు. అయినా అడుగుతున్నా."

ఏనాడూ ఎవర్నీ ఏమీ అడగని మనిషి. ఆ వేళ్లు విడిపించుకోవడానికి అనిల్‌కు చాలాసేపు పట్టింది. గడ్డపార చప్పుడు ఆగిపోయింది. మొదటి కడీని చంద్రయ్య గుంతలోకి దొర్లిస్తున్నాడు.

అనిల్ పరుగెత్తి కడీకి భుజం అడ్డం పెట్టాడు. రాయి బరువుకు మోకాలు మట్టిలో దిగింది.

"జరుగు," అన్నాడు చంద్రయ్య. "పేరు చెప్తవా, పాతాల్నా?"

కొమురమ్మ విసరడం ఆపి చూసింది. సందు దగ్గర రామబ్రహ్మం గుంజను పట్టుకుని నిలబడే ఉన్నారు. అనిల్ అటు చూడలేదు. చూస్తే నోరు రాదు.

"తొక్కనీకె రాలేదు పెద్దయ్యా. నేల చూడనీకె వచ్చిండు. నీ మంచి కోసమే మూసిండు," అన్నాడు. మళ్లీ అన్నాడు, అందరికీ వినిపించేలా: "తడక మూసింది మా రామబ్రహ్మం సారు."