బోణీ అయ్యాకే కూపన్

నేను ఒక మొబైల్ ఫోన్‌ని. కుడివైపు పై మూల అద్దం పగిలి, సాలెగూడులా గీతలు పడ్డ ఫోన్‌ని. ఒక్క కాకినాడలోనే నాలాంటివి వేలకు వేలు ఉంటాయి కనుక కథ చెప్పుకునేంత గొప్ప నాకేమీ లేదు. అయితే ఒక ఆడమనిషి నలభై నాలుగేళ్ల వయసులో, ఇన్నాళ్లూ ఇతరుల సరుకుకి బిల్లు కొట్టిన మనిషి, తన సొంత ఆలోచనను నలుగురికీ అమ్మడానికి గుమ్మం దాటినప్పుడు ఆవిడ చేతిలో ఉన్నది నేను. ఆ సంగతి చెప్పకుండా ఉండలేను.

నేను పుట్టింది ఒక పెద్ద ఫ్యాక్టరీలో. తలకు తెల్ల టోపీలు, చేతులకు పల్చటి తొడుగులు వేసుకున్న ఆడపిల్లలు వరసగా కూర్చుని నన్ను ముక్క ముక్కగా కూర్చారు. చివరి బల్ల దగ్గర ఒకమ్మాయి నన్ను వెలిగించి "హలో, హలో" అంది. జవాబు రాకముందే పెట్టెలో పెట్టి మూత వేసింది.

నన్ను మొదట కొన్నవాడు శశిభూషణ్. మందుల కంపెనీ తరఫున డాక్టర్ల చుట్టూ తిరిగే ఉద్యోగం అతనిది. ఆస్పత్రి బెంచీల మీద గంటల తరబడి నన్నే చూస్తూ కూర్చునేవాడు. నాలోకి రోజుకు ఇరవై ప్రకటనలు వచ్చి పడేవి. జుట్టు మొలిపించే నూనె, నెలవాయిదాల ఫ్లాట్లు, ఒకటి కొంటే ఒకటి ఉచితం చొక్కాలు. "దరిద్రం, దరిద్రం" అని గొణుక్కుంటూ ప్రతిదీ చివరిదాకా చదివేవాడు. మనుషులు దేన్ని విసుక్కుంటారో దాన్నే శ్రద్ధగా చదువుతారని నాకు అప్పుడే తెలిసింది. ఒకరోజు భానుగుడి జంక్షన్‌లో బండి మీంచి జారి పడ్డాను. అద్దం పగిలింది. వారం తిరక్కుండా అతను కొత్త ఫోన్ తీసుకున్నాడు. నేను సినిమా రోడ్డులోని ఒక సెకండ్ హ్యాండ్ కొట్టులో గాజు బీరువా ఎక్కాను.

అక్కడ నన్ను కొన్నావిడే మంగతాయారు గారు.

తాయారు గారు పదహారేళ్లు ఒక పెద్ద చీరల దుకాణంలో క్యాష్ కౌంటర్లో కూర్చున్నారు. ఆ దుకాణం మూతపడింది. ఆ తర్వాత ఒక ప్రైవేటు ఆస్పత్రివాళ్లు బిల్లుల కౌంటర్లో కూర్చోమని పిలిచారు. జీతం ఫరవాలేదు. కానీ ఆవిడకు మళ్లీ ఇంకొకరి గాజు కిటికీ వెనక కూర్చోవాలని లేదు. చీరల దుకాణంలో ఉన్నన్నాళ్లూ ఆవిడ ఒకటే చూసేవారట. పొద్దున్న తలుపు తీశాక సాయంత్రం అయిదింటిదాకా మనిషి రాడు. ఫ్యాన్లు ఎవరికోసం తిరుగుతున్నాయో తెలియదు. అమ్మేవాళ్లు పరుపుల మీద కునుకు తీస్తారు. ఆ ఖాళీ గంటల్లో, కొట్టుకు దగ్గర్లో ఉన్న నాలుగు వీధులవాళ్ల ఫోన్లకి ఒక కూపన్ పంపితే? రెండు గంటలే పనిచేసే కూపన్. అది చూపించి ఎవరైనా సరుకు కొంటేనే కొట్టువాడు కూపన్ పంపినవాళ్లకి ఏదో కొంత ఇస్తాడు. ఎవరూ రాకపోతే ఇవ్వక్కర్లేదు.

ఆవిడ అక్కగారి అమ్మాయి సింధుజ కంప్యూటర్లు చదువుకుంది. పిన్ని చెప్పింది విని మూడు నెలలు కూర్చుని యాప్ తయారుచేసింది. ఈలోగా ఆ పిల్లకి బెంగుళూరులో ఉద్యోగం వచ్చింది.

"శనివారం మధ్యాహ్నం పన్నెండింటిలోగా వస్తానో రానో చెప్పమన్నారు పిన్నీ. మెయిన్ రోడ్డులో కనీసం ఆరు కొట్లు మనతో చేరితే నేను ఉండిపోతాను. చేరకపోతే వెళ్లక తప్పదు. అమ్మ ఊరుకోదు," అంది సింధు.

"నువ్వెళ్తే నేను సోమవారం నుంచి ఆస్పత్రి కౌంటర్లో కూర్చోవడమే," అన్నారు తాయారు గారు. నన్ను పైటకొంగుతో తుడిచారు.

ఆరు కొట్లనడమే గానీ, అసలు ఒప్పుకోవలసింది ఒక్కరే. గ్రంధి కామేశ్వరరావు గారు. స్టీలు సామాన్ల వ్యాపారి, మెయిన్ రోడ్డు వర్తకుల సంఘానికి కార్యదర్శి. ఆయన సరేనంటే మిగతా అయిదుగురూ సరే.

సోమవారం పొద్దున్న సంఘం గదిలో తాయారు గారు నన్ను బల్ల మీద నిలబెట్టి మొదటిసారి మాట్లాడారు. ఆవిడ అరచేతుల చెమటకి నా వీపు తడిసిపోయింది. మొదట్లో తడబడినా, ఖాళీ ఫ్యాన్ల సంగతి చెప్పేటప్పటికి నిలదొక్కుకున్నారు. వర్తకులు ముందుకు వంగి నా ముఖంలోకి చూస్తున్నారు. సరిగ్గా "ఇప్పుడు చూడండి, కూపన్ ఎలా వస్తుందో" అని ఆవిడ అన్న క్షణాన నా మీద ఒక మెసేజ్ తేలింది. చెప్పుల కొట్టు రహంతుల్లా గారు కళ్లజోడు సవరించుకుని పైకే చదివేశారు.

"'నల్ల వంకాయలు దొరికాయి. కూరా, పులుసా?' ఇదేం కూపనమ్మా?"

"అది మావారండి," అన్నారు తాయారు గారు, ముఖం ఎర్రబడి.

"పులుసే పెట్టమనండి. నల్ల వంకాయకి అదే సరి," అన్నారు కామేశ్వరరావు గారు గంభీరంగా. గది గదంతా నవ్వింది. నేను సిగ్గుతో నల్లబడిపోదామనుకున్నాను గానీ, ఆ నవ్వు మేలే చేసింది. నవ్వాక మనుషులు కాస్త మెత్తబడతారు. "సరేనమ్మా, బుధవారం నా కొట్లో ఒకసారి చేసి చూపించండి. చూశాక మాట్లాడుకుందాం," అన్నారాయన.

బుధవారం వచ్చింది. ఒక్క ఖాళీ నిమిషం కూడా పోనివ్వకూడదని తాయారు గారి ఆత్రం. సరిగ్గా పదింటికి, కొట్టు షట్టర్ పైకి లేచిన నిమిషంలోనే, కూపన్ పంపించేశారు. ఇడ్లీపాత్ర, గిన్నెలు, గరిటెలు, ఏది కొన్నా నూటికి పాతిక తగ్గింపు, పన్నెండింటి వరకే.

పదింబావుకల్లా ఒక టీచరు గారు ఫోన్ పట్టుకుని దిగారు. వెనకే ఇంకో ఇద్దరు. ఆ వెనక నలుగురు. ఇంకాసేపటికి మరో నలుగురు. తాయారు గారు సంచిలో చెయ్యి పెట్టి నన్ను తడిమి చూసుకున్నారు.

టీచరు గారు ఇడ్లీపాత్ర ఎంచుకుని ఫోన్ చూపించారు. కామేశ్వరరావు గారు కూపన్ చూశారు. ఇంకా పసుపు తడి ఆరని గల్లాపెట్టె చూశారు. తల అడ్డంగా ఊపారు.

"బోణీ బేరమమ్మా. తగ్గింపు కుదరదు. పూర్తి ధర ఇచ్చి తీసుకోండి."

"అదేంటండీ, మెసేజ్ పెట్టి మరీ పిలిచి!"

"రెండో బేరం నుంచి తగ్గిస్తానమ్మా. బోణీకి తగ్గిస్తే రోజంతా అలాగే ఏడుస్తుంది."

టీచరు గారు ఇడ్లీపాత్ర బల్ల మీద పెట్టేసి పక్కావిడ వైపు తిరిగారు. "ముందు మీరు తీసుకోండి. నేనింకా చూసుకోవాలి."

"అబ్బే, ముందొచ్చింది మీరు కదండీ. కానివ్వండి."

"నాకేం తొందర లేదండి. ఆ చివరావిడ పాపం ఎండలో వచ్చారు, ఆవిణ్ణి తీసుకోనివ్వండి."

"నాకూ తొందర లేదండి," అంది చివరావిడ.

అంత మర్యాద నేను ఎక్కడా చూడలేదు. పదకొండు మంది ఆడవాళ్లు, పదకొండు ఫోన్లు, ఒకరినొకరు ముందుకు తోసుకుంటూ నిలబడ్డారు. పూర్తి ధర ఇచ్చే ఆ మొదటి మనిషి తానెందుకు కావాలని ఎవరికివారే అనుకున్నారు. పావుగంట గడిచింది. ఎవరో "మోసం" అన్నారు. ఇంకెవరో "మా ఆయన లాయరు" అన్నారు. పదకొండు మందీ వట్టి చేతులతో వెళ్లిపోయారు. ఎదుటి కొట్లవాళ్లు మెట్ల మీదికి వచ్చి చూస్తున్నారు. బోణీ కాకుండా గొడవ జరిగినందుకు కామేశ్వరరావు గారు గల్లాపెట్టెకి మళ్లీ దణ్ణం పెట్టుకుని, తాయారు గారి ముఖం చూడకుండా లోపలికి వెళ్లారు.

ఇంటికొచ్చి తాయారు గారు వంటింటి గట్టు మీద నన్ను బోర్లా పెట్టారు. చాలాసేపు బియ్యంలో రాళ్లు ఏరారు. ఆ బియ్యంలో రాళ్లు లేవు.

"పదహారేళ్లు కొట్లో కూర్చుని బోణీ సంగతి ఎలా మరిచిపోయావు పిన్నీ?" అంది సింధు. తప్పు పట్టాలని కాదు, నిజంగానే ఆశ్చర్యపడి అడిగింది.

తాయారు గారి చెయ్యి చేటలో ఆగిపోయింది. "జాకెట్టు గుడ్డ," అన్నారు నెమ్మదిగా. "మా ఓనరు గారి భార్య రోజూ తలుపు తియ్యగానే మనిషిని పంపి ఒక జాకెట్టు గుడ్డ కొనిపించేది. నేను కొట్టే మొదటి బిల్లు అదే. పదహారేళ్లు కొట్టానే ఆ బిల్లు! ఆవిడకేంటి జాకెట్ల పిచ్చి అనుకునేదాన్ని. అసలు కొనేవాళ్లు వచ్చేసరికి బోణీ అయిపోయి ఉండేదన్నమాట."

కాసేపు ఇద్దరూ నవ్వారు. తర్వాత తాయారు గారు చేట పక్కన పెట్టి లేచారు.

"సింధూ, పొద్దున్నే కూపన్ మనం పంపకూడదే. కొట్టాయన పంపాలి. ఆయన ఫోన్లో ఒక బొత్తాం పెట్టు. బోణీ అయిందని ఆయన నొక్కాకే కూపన్ బయటికి వెళ్లాలి."

"అలా ఎక్కడా ఉండదు పిన్నీ. టైముకి పంపడమే దీని పద్ధతి."

"ఎక్కడా లేకపోతే ఏం? మెయిన్ రోడ్డులో ఉంటుంది."

శుక్రవారం మళ్లీ సంఘం గది. ఈసారి ఎవరూ ముందుకు వంగి చూడలేదు. తాయారు గారు కూర్చోకుండానే మొదలుపెట్టారు. "బుధవారం తప్పు నాదండి. మీ కొట్టు మర్యాద తెలుసుకోకుండా దాటాను." తర్వాత బొత్తాం చూపించారు. దాని మీద సింధు మూడే మాటలు రాసింది: మా బోణీ అయింది.

"ఇది నేను నొక్కితేనే వెళ్తుందా?" అన్నారు కామేశ్వరరావు గారు.

"మీరు నొక్కితేనేనండి."

"నొక్కకపోతే?"

"ఆ రోజు కూపన్ లేనట్టేనండి. పదిన్నరకి నొక్కినా, పన్నెండింటికి నొక్కినా, అక్కణ్ణుంచి రెండు గంటలు."

"ఇంకా కూపన్లేంటండీ, మొన్న చూశాంగా తిరనాళ్లు," అన్నాడు బేకరీ నూకరాజు.

కామేశ్వరరావు గారు అతని వైపు తిరిగారు. "తిరనాళ్లే. నా కొట్టుకి బుధవారం పదింటికి ఈగ కూడా రాదు నూకరాజూ. పదకొండు మంది వచ్చారు. తిడుతూనే వచ్చారనుకో, వచ్చారా లేదా? నేను లెక్కెట్టాను." తర్వాత తాయారు గారితో అన్నారు. "రేపు పొద్దున్న రండమ్మా. చివరిసారి చూద్దాం."

రేపంటే శనివారం. సింధు బెంగుళూరువాళ్లకి జవాబు చెప్పవలసిన రోజు.

పదింటికి షట్టర్ లేచింది. కామేశ్వరరావు గారు ఫోన్ చేతికందేలా పెట్టుకుని కూర్చున్నారు. పదిన్నర. ఒకాయన వచ్చి బిందె ధర అడిగి వెళ్లాడు. పదీ ముప్పావు. ఒకావిడ స్టీలు డబ్బాలన్నీ మూతలు తీసి చూసి, మూతలు పెట్టి వెళ్లింది. మెట్ల కింద నిలబడ్డ సింధు పిన్ని చెయ్యి పట్టుకుంది.

"నువ్వే ఏదన్నా కొనెయ్ పిన్నీ. ఒక చెంచా చాలు. టైము పదకొండవుతోంది."

"తప్పే. నా అవసరం కొద్దీ ఆయన బోణీ నేను చెయ్యకూడదు. అది ఆయన నమ్మకం. దాంతో ఆటలాడితే మొన్నటి తప్పు కంటే పెద్దది." ఆ మాటంటున్నప్పుడు ఆవిడ నన్ను ఎంత గట్టిగా పట్టుకున్నారంటే, నా అద్దంలో ఇంకో గీత పడింది.

పదకొండుంబావు. ఈ గుసగుసలు ఆయన చెవిన ఎంతవరకు పడ్డాయో నాకు తెలియదు. కామేశ్వరరావు గారు గొంతు సవరించుకున్నారు.

"తాయారమ్మా, ఇలా పైకి రండి. మీ చేత్తో బోణీ చెయ్యండి."

ఆవిడ కదల్లేదు. "మొన్న మీ కొట్టు ముందు గొడవ పెట్టిన చెయ్యి కదండీ ఇది. మంచిదో కాదో."

"అది పన్నెండింటికి తెలుస్తుంది లెండి. రండి."

తాయారు గారు మెట్లెక్కి ఒక అట్లకాడ తీసుకున్నారు. నూట అరవై రూపాయలు. ఊరందరికీ తగ్గింపులు పంచడానికి బయల్దేరిన మనిషి, పైసా తగ్గించమని అడక్కుండా రెండు నోట్లు ఇచ్చి చిల్లర తీసుకున్నారు. ఆయన ఆ నోట్లు కళ్లకద్దుకుని గల్లాపెట్టెలో వేసి, బొత్తాం నొక్కారు.

మరుక్షణం ఆవిడ సంచిలో నేను టింగుమన్నాను. కామేశ్వరరావు గారి కొట్లో అట్లకాడలతో సహా ఏది కొన్నా నూటికి పాతిక తగ్గింపు అని. ఆవిడ నన్ను బయటికి తీసి చదివి, ఆయనకు చూపించారు.

"అయిపోయింది కదమ్మా, ఇప్పుడు చూపిస్తే ఎలా!" అన్నారాయన. ఇద్దరూ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు.

పదకొండున్నరకి మొదటి ఫోన్ మెట్లెక్కింది. పన్నెండుకి అయిదు నిమిషాలుండగా కొట్లో తొమ్మిది మంది ఉన్నారు. బుధవారం నాటి టీచరు గారు కూడా వచ్చి, "బోణీ అయిందా?" అని గుమ్మంలోనే కనుక్కుని మరీ లోపలికి అడుగుపెట్టారు. ఎదుటి మెట్ల మీంచి చూస్తున్న రహంతుల్లా గారు రోడ్డు దాటి వచ్చి, "ఆ బొత్తామేదో నా ఫోన్లోనూ పెట్టమ్మా," అని సింధు చేతికి తన ఫోన్ ఇచ్చారు. ఆయన వెనకే నూకరాజు, నూకరాజు వెనక మరో ముగ్గురు.

సింధు చేతినిండా ఇతరుల ఫోన్లే. అందుకని పన్నెండుకి ఒక్క నిమిషం ముందు, బెంగుళూరు కంపెనీకి పంపవలసిన నాలుగు వాక్యాలు పిన్ని ఫోన్లోనే, అంటే నాలోనే రాసింది. మీ ఉద్యోగానికి కృతజ్ఞతలు, నేను రాలేకపోతున్నాను, మా ఊళ్లోనే ఒక పనిలో చేరాను, క్షమించగలరు. తాయారు గారు ఆ పిల్ల భుజం మీదుగా చదివి, "'చేరాను' కాదే, 'మొదలుపెట్టాను' అని రాయి," అన్నారు. సింధు దిద్ది పంపింది.

నా పని దాదాపు అంతటితో అయిపోయింది. కొట్లు పెరిగిన కొద్దీ యాప్ బరువెక్కింది. దాన్ని మొయ్యడం నా వల్ల కాలేదు. నాలుగు నెలలకి నా బ్యాటరీ ఉబ్బి వెనక రేకు పైకి లేచింది. తాయారు గారు కొత్త ఫోన్ కొనుక్కున్నారు. నన్ను మరమ్మతుల కొట్లో ఇస్తూ, వంకాయల మెసేజ్ ఒకటి చెరిపెయ్యవద్దని అడిగారు. చచ్చిన ఫోన్లో మెసేజ్ ఏముంటుందని ఆ కొట్టాయనకు అర్థం కాలేదు. ఆయన తలూపాడు.

ఇప్పుడు ఒక ప్లాస్టిక్ ట్రేలో, స్క్రూలు ఊడిన మరో ఇరవై ఫోన్ల మధ్య పడుకుని ఉన్నాను. ఎవరికి ఏ ముక్క కావలసివస్తే అది తీసుకుంటారు. నా పక్కనున్నది తాను ఎమ్మెల్యే గారి జేబులో తిరిగానంటుంది. ఇంకొకటి విమానమెక్కానంటుంది. నా వంతు వచ్చినప్పుడు, పూర్తి ధర పెట్టి కొన్న ఒక అట్లకాడ సంగతి చెబుతాను.