మిషన్ కాలి కింద ఉప్పు

"ఈ మిషన్ వీడి చెయ్యి కూడా తినేస్తే ఏం చేద్దామండీ?"

పెట్టె పలకలు ఇంకా ఊడదీయనే లేదు. ఓడరేవు నుంచి లారీలో వచ్చి వర్క్‌షాపు ముందు దిగిన ఆ చెక్కపెట్టె మీద చైనా అక్షరాలు తప్ప మరేమీ కనబడటం లేదు. అప్పుడే నజీహా నోట ఆ మాట వచ్చేసింది. పెరటి గుమ్మం దగ్గర పీట మీద కూర్చున్న మొగుడు మొఖ్తార్ ఆమె వైపు చూడలేదు. కుడిచేతిని ఎప్పటిలాగే కోటు జేబులో ఉంచుకుని, ఎడంచేత్తో టీ గ్లాసు కింద పెట్టాడు. అంతే.

ఆ జేబులోని చేతికి రెండే వేళ్లు మిగిలాయని స్ఫాక్స్ రేవు పట్టణంలో ఆ వీధి వీధంతటికీ తెలుసు. ఇనుము చెక్కే లేత్ తిరుగుతుండగా చేతిలోని తుడుపు గుడ్డ కొస, కడ్డీని పట్టి తిప్పే చక్‌కి చుట్టుకుంది. గుడ్డతో పాటు చెయ్యీ వెళ్లింది. తర్వాత ఆ లేత్‌ని అమ్మేశారు. మొఖ్తార్ మళ్లీ వర్క్‌షాపు గడప తొక్కలేదు. మాటలు కూడా ఆ గడప అవతలే వదిలేసి వచ్చినట్టున్నాడు. ఆకలేస్తోందా అంటే గడ్డం ఊపుతాడు. ఇంకేమన్నా అడిగితే అదీ లేదు.

ఇప్పుడు కొడుకు వజ్దీ కొత్త లేత్ తెప్పించాడు. ఆలివ్ కోతలు దగ్గర పడుతున్నాయి. కాయలు మర నోట్లో పడే వేళకి నూనె మిల్లుల వాళ్లు అరిగిన షాఫ్టులు మోసుకుని వీధిలోకి వస్తారు. అప్పటికి పని మొదలెట్టాలని వాడి ఆరాటం. నజీహా ఆరాటం వేరు. కొడుకు పదివేళ్లూ ఉండాలి. అంతకు మించి ఆమె దేవుణ్ణి ఏమీ అడగటం లేదు.

పక్క షాపు రిదా గొలుసు కప్పీ పట్టుకొచ్చాడు. నజీహా గుమ్మంలోంచి కదలకుండా చూస్తుంటే నవ్వాడు.

"వదినా, నువ్వట్లా గుడ్లప్పగించి చూస్తే గొలుసు భయపడి తెగుతుంది. లోపలికెళ్లి టీ అన్నా పెట్టు."

"తెగితే మాత్రం నీ నెత్తి మీదే పడుతుంది రిదా. నేను చూస్తూనే ఉంటాను."

"విన్నావురా వజ్దీ? మీ అమ్మ ఆశీర్వాదం."

కొత్త పడవైనా, కొత్త ఇల్లైనా, కొత్త వ్యానైనా దిష్టి తగలకుండా చేపతోక ఎండబెట్టి, ఉప్పుతో కలిపి గుడ్డలో కట్టి వేలాడదీయకుండా ఆ ఊళ్లో ఎవరూ మొదలు పెట్టరు. వీధిలో ఎవరికీ లేనంత పెద్ద మిషన్ వచ్చింది. ఎన్ని కళ్లు పడ్డాయో. నజీహా ముందే మూట కట్టి ఉంచింది. వజ్దీ దాన్ని చూడగానే తల అడ్డంగా ఊపాడు.

"వద్దమ్మా. తిరిగేదాని దగ్గర దారం ముక్క కూడా ఉండకూడదు. నాన్న చెయ్యి దేనివల్ల పోయింది? గుడ్డ వల్లే కదా?"

వాడన్నది నిజమే. కానీ ఏమీ కట్టకుండా వదిలేయడానికి ప్రాణం ఒప్పలేదు. మిషన్ కాళ్లు ఆనబోయే చోట్ల నేల మీద ఇనుప పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. వాళ్లిద్దరూ ముందువైపు గొలుసు తగిలిస్తుండగా నజీహా వెనక మూలన ఉన్న పై పలక ఎత్తి, మూటని రొట్టెలా పలచగా అదిమి, పలక మళ్లీ వేసేసింది. ఇక్కడైతే తిరగదు, దేనికీ చుట్టుకోదు అనుకుంది. మిషన్ బరువంతా మెల్లగా దిగి దాని మీద కూర్చుంది. బోల్టులు బిగించారు.

ఆ రాత్రి ఆమె కొంచెం నిద్రపోయింది.

తర్వాత ఒక్కొక్క లోపమే బయటపడసాగింది. గేర్ల పెట్టె మూత తీస్తే నూనె అడుగున ఇసుక. పోత పోసినప్పటి ఇసుకని సరిగ్గా కడగకుండానే పంపించేశారు. వజ్దీ కిరసనాయిలుతో కడిగి, బట్టలో వడకట్టి, కొత్త నూనె పోశాడు. స్విచ్చి ముందుకి తిప్పితే చక్ వెనక్కి తిరిగింది. లోపల రెండు తీగలు తారుమారు చేశారు. అది చూసి రిదా విరగబడి నవ్వాడు గానీ నజీహాకి నవ్వు రాలేదు. పైకి కనబడినవి ఇవి. కనబడనివి ఎన్నున్నాయో.

"అన్నీ ఒకసారి విప్పి బిగించుకోవాలమ్మా. దూరం నుంచి వచ్చిందంతా ఇంతే," అన్నాడు వజ్దీ.

"నీకు విప్పడం వచ్చు, బిగించడం వచ్చు. ఆ తీగలు కలిపినవాడికి ఏం వచ్చో నీకు తెలుసా?"

"తెలీదు. అందుకే మళ్లీ నేను కలిపా."

అన్నీ సరిచేశాక కూడా ఒకటి మిగిలిపోయింది. కడ్డీ బిగించి చెక్కితే ఒక కొస లావుగా, ఒక కొస సన్నగా వస్తోంది. తేడా వెంట్రుకవాసే, కానీ మిల్లు షాఫ్టుకి ఆ వెంట్రుక చాలు. వజ్దీ మట్టం చూసే లెవెల్ పెట్టి, అందులోని బుడగ నడిమధ్యకి వచ్చేదాకా కాలికీ పై పలకకీ మధ్య సన్న రేకులు దోపి సర్దాడు. ఆ పూట బాగానే వచ్చింది. మర్నాడు బుడగ మళ్లీ పక్కకి జరిగింది. మళ్లీ సర్దాడు. మళ్లీ జరిగింది.

నజీహా నేల తుడవడానికి వెళ్లి ఇంకొకటి చూసింది. చెక్కేటప్పుడు వేడెక్కకుండా టూల్ మీద పోసే పాల రంగు నీళ్లు నేల మీదకి కారుతున్నాయి. వెనక మూలకి వచ్చేసరికి అవే ఎర్రగా అవుతున్నాయి. పలకల సందులోంచి సన్నటి ఎర్రటి ధార. తుప్పే అయ్యుంటుంది. తుప్పు కాక ఏముంటుంది? ఉప్పు తగిలితే ఇనుము తుప్పు పట్టదూ? అలా తనకి తనే చెప్పుకుంటూ తుడిచేసింది. గుడ్డ పిండితే నీళ్లు రక్తంలా దిగాయి.

భోజనాల దగ్గర వజ్దీ బార్లీ రొట్టె తుంచి చేపపులుసులో ముంచుతూ తనలో తను మాట్లాడుకుంటున్నట్టు అన్నాడు:

"వెనక మూల కాలు దిగిపోతోంది నాన్నా. కింద గట్టి కాంక్రీటు, నేనే పోశా. అయినా రోజూ కొంచెం దిగుతోంది. నాకు పిచ్చి పట్టిందో నేలకి పట్టిందో తెలీటం లేదు."

మొఖ్తార్ నమలడం ఆపాడు.

"అయితే కొన్నాళ్లు ఆపెయ్యరాదూ?" అంది నజీహా.

"ఎలా ఆపుతా? మిల్లు షాఫ్టు వచ్చి కూర్చుంది. భోంచేసి ఎక్కిస్తా."

"ఆ కాలు ఇంకా దిగితే?"

"దిగితే అటు కొసన షాఫ్టుని మొన మీద నిలబెట్టే పట్టు వదులవుతుంది. అంత బరువు తిరుగుతూ గనక జారితే..." వజ్దీ తల్లి మొహం చూసి ఆగిపోయాడు. "ఏం జారదులే. పులుసు బాగుంది."

నజీహా చేతిలోని రొట్టె పళ్లెంలో పెట్టేసింది. ఇప్పుడు అర్థమైంది. ఆ పాల నీళ్లు పలకల సందుల్లోకి దిగి ఉప్పుని కొంచెం కొంచెంగా కరిగించేస్తున్నాయి. కరిగినంత మేర కాలు దిగుతోంది. చెప్పేద్దామా? చెబితే మూట తీసేస్తాడు. తీసేసిన క్షణాన దిష్టంతా వాడి మీద పడితే? చెప్పకపోతే? రెండు వైపులా కొడుకు చెయ్యే కనిపించింది. గిన్నెలు తీసుకుని కుళాయి దగ్గరికి పోయింది. కడిగిన గిన్నెనే మళ్లీ కడిగింది. ఇవి సర్దేసి వెళ్లి చెప్తాను, ఇవి సర్దేసి వెళ్లి చెప్తాను అనుకుంటూ.

మోటారు మొదలైన చప్పుడు వినబడింది.

గిన్నె ఎక్కడ పడిందో చూడకుండా పరిగెత్తింది. వర్క్‌షాపు గుమ్మం దాటగానే కాళ్లు ఆగిపోయాయి. నోరు తెరిచి మూసేసింది. లేత్ తిరుగుతుంటే మనిషిని పిలవకూడదు. ఆ వీధిలో చంటిపిల్లలకి కూడా తెలుసు. పిలుపుకి తల తిప్పితే చెయ్యి ఎటు పోతుందో చెప్పలేం. వెనకగా వెళ్లి ముట్టుకోకూడదు. వాడి కళ్లకి ఎదురుగా నిలబడి, వాడే చూసేదాకా ఆగాలి.

ఆమె తలగుడ్డ కొసలు రెండూ మెడ దగ్గర దోపుకుంది. గోడ వారగా నడిచి మిషన్‌కి అవతల, వాడి ఎదురుగా నిలబడింది. వజ్దీ వంగి టూల్ మొన వైపే చూస్తున్నాడు. ఇనుప పొట్టు చుట్టలు చుట్టలుగా రాలుతోంది. మనిషి తొడంత లావు షాఫ్టు మెరుస్తూ తిరుగుతోంది. దాని కూత ఒకే తీరున లేదు. కాసేపు సన్నగా, కాసేపు ఏదో నములుతున్నట్టు. కొస పట్టు దగ్గర వణుకు. వెనక మూల నేల మీద ఎర్రటి నీళ్లు ఆమె చెప్పుల దాకా వచ్చాయి.

చూడరా. ఒక్కసారి తలెత్తరా నాయనా.

వాడు చూడలేదు. ఎడంచేత్తో చెమట తుడుచుకున్నాడు, ఆ చెయ్యి షాఫ్టు పక్కనుంచే వెళ్లింది. నజీహా పళ్ల మధ్య తన వేలు పెట్టుకుని గట్టిగా కొరికింది. అరుపు అక్కడే ఆగిపోయింది. కూత ఇంకోసారి మారింది. అప్పుడు తలెత్తాడు, కూత వినే. తల్లి కనిపించింది. ఆ మొహంలో ఏం చూశాడో, చెయ్యి దబ్బున మిషన్ ఆపే ఎర్ర బటన్ మీద పడింది.

షాఫ్టు తిరిగి తిరిగి నెమ్మదించి ఆగింది. వజ్దీ అటు కొసకి వెళ్లి పట్టుని రెండు వేళ్లతో కదిపాడు. కదిలింది. కదలకూడదది.

"ఇంకొంచెం సేపయ్యుంటే," అని మొదలెట్టి వదిలేశాడు.

"తప్పు నేలది కాదురా," అంది నజీహా. "మిషన్‌దీ కాదు. ఆ కాలి కింద పలకల మధ్య ఉప్పు మూట పెట్టాను. దించిన రోజే."

వజ్దీ ఆమెని చూశాడు. తిడితే బాగుండును. షాఫ్టుని గొలుసుతో దింపేసి, బోల్టు వదులు చేసి, గునపంతో కాలు ఎత్తి, పై పలక లాగాడు. మూట లేదు. తుప్పు మరకలు పట్టిన గుడ్డ పీలిక, చేపతోక ముళ్లు కొన్ని, తడి. ఉప్పు రవ్వ కూడా మిగల్లేదు.

"చైనా వాడి తప్పులన్నీ వెతికి వెతికి సరిచేశా," అన్నాడు ముళ్లు అరచేతిలో పెట్టుకుని. "ఇది మాత్రం మా అమ్మ చేసి పెట్టింది."

"నీ కోసమేరా."

"తెలుసమ్మా. అందుకే కదా ఎక్కడ తిట్టాలో తెలీటం లేదు."

గుమ్మం దగ్గర చప్పుడైంది. మొఖ్తార్ నిలబడి ఉన్నాడు. లోపలికి రాడనుకుంది నజీహా. వచ్చాడు. గడప దాటి, నీళ్లు తొక్కుకుంటూ, మిషన్ దాకా. జేబులోంచి కుడిచెయ్యి తీసి, ఉన్న రెండు వేళ్లనీ లేత్ పొడవునా పరిచి ఉన్న ఇనుప బెడ్ మీద ఆనించాడు.

నజీహాకి మళ్లీ అదే మాట వచ్చింది. ఆపుకోలేకపోయింది.

"ఇప్పుడు కింద ఏమీ లేదు. ఏమండీ, వీడి చెయ్యి కూడా తినేస్తుందా ఇది? ఇన్నాళ్లూ చెప్పలేదు. ఇప్పుడన్నా చెప్పండి."

మొఖ్తార్ వేళ్లు బెడ్ మీద మెల్లగా జరిగాయి, చెక్కిన అక్షరాలేవో తడిమి చదువుతున్నట్టు. పాల నీళ్లు గొట్టం కొస నుంచి బొట్లు బొట్లుగా పడుతున్నాయి. వీధిలో ఎవరో ఇనుము కోస్తున్నారు, ఆపారు, మళ్లీ కోశారు. వజ్దీ గునపం గోడకి ఆనించి నిలబడ్డాడు. నజీహా కరుచుకున్న వేలు ఇంకా మండుతోంది. ఆయన చెప్పడనే అనుకుంది. ఎప్పటిలాగే గడ్డమన్నా ఊపకుండా వెళ్లిపోతాడనుకుంది.

"తింటుందేమో, నాకు తెలీదు," అన్నాడు మొఖ్తార్. గొంతు తుప్పు పట్టినట్టుంది. "చేపని గుడ్డలో కట్టకు నజీహా. ఆ ఎర్ర బటన్ పక్కన రంగుతో చేప బొమ్మ వేయించు, పెద్దదిగా. భయమేసినప్పుడు వాడి చెయ్యి ముందు అక్కడికే పోవాలి."