లిస్టులో లేని జవాబు

ఆ ఉదయం ప్రసాద్ ఇంట్లో గొడవ ఒక ఫోర్కు గురించి మొదలైంది.

తోటపల్లి గూడూరు మండలంలో, సముద్రానికి రెండు మైళ్ల ఇవతల, రొయ్యల గుంటల నడుమ ఉన్న ఇల్లు అది. పదేళ్ల రోజారమణి బల్ల ముందు కూర్చుని, ఇడ్లీ ముక్కను ఫోర్కుతో గుచ్చి, అది విరిగి పడకుండా నోటిదాకా తీసుకుపోవడానికి నాలుగోసారి ప్రయత్నిస్తోంది. ఎదురుగా తల్లి వనజాక్షి ఫోనులో వీడియో తీస్తోంది.

"మోచెయ్యి బల్ల మీద పెట్టొద్దు రమణీ. ఫోర్కు ఎడం చేతిలో పట్టుకోవాల."

"ఎడం చేత్తో తినేదా!" అంది పొయ్యి దగ్గరున్న నాయనమ్మ కామాక్షమ్మ. "ఆ ఇడ్లీ ఏం పాపం చేసిందని దాన్ని అట్ట పొడస్తాండావు మే?"

"అత్తా, నువ్వు మాట్లాడబాక. నీ గొంతు వీడియోలో పడతాది. మధ్యాహ్నం లోపల మధుబాబు సార్‌కి పంపాల."

"చేప తినేటప్పుడు కూడా ఇదేనా? ముల్లు యాడుండాదో వేలికి తెలస్తాది గానీ ఈ ఇనప పుల్లకేం తెలస్తాది?"

"ఆ స్కూల్లో చేపలు పెట్టరులే."

"చేపలే పెట్టని చోట బిడ్డనెందుకు ఏసేది?"

ఈ మాటల మధ్యలో ఇడ్లీ జారి చట్నీలో పడింది. కొత్త గౌను మీద పచ్చని చుక్కలు లేచాయి. వనజాక్షి అత్తను చూసింది. అత్త ఫోర్కును చూసింది. తర్వాత ఆ ఫోర్కును లాక్కుని, బియ్యం డ్రమ్ములో దోపి, మూత పెట్టి, ఆ మూత మీద తానే కూర్చుంది.

గుంటల దగ్గర నుంచి బురద కాళ్లతో అప్పుడే వచ్చిన ప్రసాద్ "ఒక ఫోర్కు కోసరం ఇంత రచ్చా?" అన్నాడు. అత్తాకోడళ్లు ఇద్దరూ ఒక్కటై అతన్ని ఉరిమి చూశారు. అతను కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు.

గొడవ ఫోర్కు గురించి కాదని ముగ్గురికీ తెలుసు. చట్నీ చుక్కల గౌనుతో బల్ల ముందే కూర్చున్న నాలుగో మనిషి గురించి ఎవరూ ఆలోచించలేదు. ఇలాంటి ఇళ్లు ఇప్పుడు మన చుట్టూ చాలా ఉన్నాయి.

వనజాక్షి నెల్లూరులో బీకాం చదివింది. పెళ్లికి ముందు ఒక ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్లింది. "నీ గురించి చెప్పు" అని ఇంగ్లీషులో అడిగారు. చెప్పడానికి ఎంతో ఉంది, మాట మాత్రం బయటికి రాలేదు. చల్లటి గదిలో, ముగ్గురి ఎదుట, తన గోళ్లు చూసుకుంటూ కూర్చున్న ఆ రెండు నిమిషాలు ఆమెను ఇప్పటికీ వదల్లేదు. తన కూతురు ఎవరి ముందూ అలా మూగగా కూర్చోకూడదని ఆమె పట్టుదల. అందుకే ఆరో తరగతికి ఒక పెద్ద రెసిడెన్షియల్ స్కూల్లో చేర్చాలనుకుంది. ఆ స్కూల్లో సీటు ఊరికే అప్లికేషన్ పెడితే దొరకదని తెలిసినవాళ్లంతా చెప్పారు. అలా వాళ్లు నెల్లూరులో అడ్మిషన్ల కన్సల్టెంటు మధుబాబు ఆఫీసు మెట్లెక్కారు.

మధుబాబు చెడ్డవాడేమీ కాదు. నవ్వుతూ మాట్లాడతాడు, పిల్లలకు చాక్లెట్లు ఇస్తాడు, ఫోన్ చేస్తే ఎత్తుతాడు. ఆఫీసు గోడ నిండా టైలు కట్టుకున్న పిల్లల ఫోటోలు. మొదటి రోజే కుటుంబ వివరాలు రాసుకున్నాడు.

"మీరేం చేస్తారు సార్?"

"రొయ్యల గుంటలండీ. నాలుగున్నాయి."

"మెరైన్ ఎక్స్‌పోర్ట్స్ రంగంలో వ్యాపారవేత్త అని రాద్దాం. పెద్దావిడ?"

"మా అమ్మా? ముందు చేపలు ఎండబెట్టి అమ్మేది. ఇప్పుడు ఇంట్లోనే."

మధుబాబు పెన్ను ఆపి మృదువుగా నవ్వాడు. "ఆవిడ గురించి రాయకపోతే మంచిది."

ప్రసాద్ భార్య వైపు చూశాడు. వనజాక్షి తల ఊపింది. ఆ ఎండు చేపలే తన మొగుణ్ణి ఇంటర్ దాకా చదివించాయని ఆమెకు తెలుసు. అయినా ఊపింది.

తర్వాత మధుబాబు పాపను దగ్గరికి పిలిచాడు. "నీకు ఏమంటే ఇష్టం రోజ్?" పేరు కూడా అతనే కత్తిరించాడు.

"రొయ్య పేగు చూడటం ఇష్టం సార్," అంది రోజారమణి హుషారుగా. "వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే వీపు మీద గీత కనిపిస్తాది. నిండుగా ఉంటే మేత తినిందని. మధ్యలో తెగి ఉంటే ఏదో జబ్బు..."

"అది చెప్పకూడదమ్మా. నక్షత్రాలు చూడటం ఇష్టం అని చెప్పాలి."

అరవై రెండు ప్రశ్నలు, అరవై రెండు జవాబులు అచ్చువేసిన లిస్టు ఇచ్చాడు. అన్నం ముందు, స్నానం తర్వాత, స్కూలు ఆటోలో, ఎప్పుడు చూసినా పాప నోట అదే. గుంటల్లో నీళ్లకు గాలి అందించడానికి రాత్రీ పగలూ తిరిగే ఏరియేటర్ల చప్పుడుకు తోడు ఆ ఇంట్లో మరో చప్పుడు చేరింది. వనజాక్షి ఫోను రోజుకు పదిసార్లు మోగేది. ఫోర్కు వీడియో ఏమైంది? నడక వీడియో ఏమైంది? నవ్వినప్పుడు పళ్లు ఎక్కువ కనిపిస్తున్నాయి. ఆమె కూర్చున్న చోట కూర్చోలేకపోయేది. అన్నం పొయ్యి మీద మాడిపోయేది.

ఒక ఆదివారం సముద్రం ఒడ్డున పర్యావరణ సేవ అన్నాడు మధుబాబు. తెల్లవారుజామున వెళ్లేసరికి ఆటోలోంచి రెండు నీలం గోతాలు దించుతున్నారు. నీళ్ల సీసాలు, చిప్స్ కవర్లు, తెగిన ఎర్ర చెప్పు ఒకటి. వాటిని ఇసుక మీద చల్లారు. పిల్లలకు చేతి తొడుగులు వేసి ఏరించారు, ఫోటోలు తీశారు. అందరి ఫోటోల్లోనూ అదే ఎర్ర చెప్పు. అయ్యాక చెత్తంతా మళ్లీ గోతాల్లో నింపి ఆటో ఎక్కించారు, తర్వాతి బ్యాచ్ పిల్లల కోసం.

"నాన్నా, మనం తీసింది మనం వేసిన చెత్తేగా?" అంది రోజారమణి.

"నోరు మూసుకో," అంది వనజాక్షి. కసిరింది గానీ, ఆ పూట కూతురి ముఖంలోకి చూడలేదు.

అప్లికేషన్‌కి పిల్ల సొంతంగా రాసిన వ్యాసం, స్కూలు టీచరు సిఫారసు ఉత్తరం కావాలి. రెండూ మధుబాబే రాయించాడు. ఉత్తరం మీద టీచరు సంతకం మాత్రం వీళ్లు తేవాలి. ఊరి బడిలో రోజారమణికి పాఠాలు చెప్పే హెబ్రోను మాస్టారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారు. ముప్పై ఏళ్లుగా ఆ తీరంలో పిల్లలకు అక్షరాలు దిద్దించిన మనిషి. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"అమ్మా, ఇందులో రాసిన పిల్ల నా క్లాసులో లేదు."

వనజాక్షికి అర్థం కాలేదు.

"పర్యావరణ క్లబ్బు పెట్టింది, నాయకత్వ లక్షణాలున్నాయి, నక్షత్రాలంటే ప్రాణం. ఎవరో పాప, మంచిదే. నా క్లాసులో ఉండే పిల్ల పాఠానికి పది ప్రశ్నలడుగుతాది. లెక్క తప్పితే ఎందుకు తప్పిందో తేలిందాకా భోజనానికి పోదు. కావాలంటే ఆ పిల్ల గురించి రాసిస్తాను."

ఆయన ఒక తెల్లకాగితం మీద అరపేజీ రాసి ఇచ్చారు. వనజాక్షి దాన్ని మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. సంగతి తెలిసి మధుబాబు "పర్లేదు మేడమ్, నేను చూసుకుంటాను" అన్నాడు. ఎట్లా చూసుకున్నాడో వీళ్లు అడగలేదు. అడిగితే తెలుస్తుందని అడగలేదు.

ఇంటర్వ్యూ బ్రహ్మాండంగా జరిగింది. రోజారమణి మోచెయ్యి బల్ల మీద పెట్టలేదు, పళ్లు ఎక్కువ కనిపించేలా నవ్వలేదు. పద్నాలుగు ప్రశ్నలడిగితే పద్నాలుగూ లిస్టులోవే. వారం తర్వాత ఒక శనివారం సాయంత్రం సీటు వచ్చినట్టు మెసేజ్ వచ్చింది. మధుబాబు పూలగుత్తి బొమ్మలు పంపించాడు. వనజాక్షి ఆనందంతో ఏడ్చింది. రోజారమణి తల్లిని చూసి, తనూ నవ్వాలేమోనని నవ్వింది.

మరునాడు ఆదివారం. చాలా రోజుల తర్వాత ప్రసాద్ కూతుర్ని గుంట దగ్గరికి తీసుకుపోయాడు. రొయ్యల సాగు తెలిసిన ప్రతివాడికీ చెక్ ట్రే తెలుసు. వల బిగించిన పళ్లెంలాంటిది. మేత చల్లినప్పుడే అందులోనూ కొంచెం వేసి తాడుతో నీళ్లలో దించుతారు. రెండు గంటల తర్వాత ఎత్తి చూస్తే లోపల రొయ్యలు తింటున్నాయో లేదో తెలుస్తుంది. మేత మిగిలి ఉంటే తర్వాతి పూట తగ్గించాలి. తగ్గించకపోతే మిగిలిందంతా అడుగున కుళ్లి నేల నల్లబడుతుంది, పైన నీళ్లు పచ్చగా కనిపిస్తూనే ఉంటాయి. పోయినేడు పనివాడు "అంతా తిన్నాయన్నా" అంటే నమ్మి, ట్రే ఎత్తకుండానే మేత వేస్తూ పోయి ఒక గుంట మొత్తం పోగొట్టుకున్నాడు ప్రసాద్. అప్పటి నుంచి, ఈ లిస్టు ఇంట్లోకి వచ్చేదాకా, ఆ పని కూతురిది. ఆ పిల్ల కన్ను తప్పదని అతని నమ్మకం.

అతను తాడు లాగి ట్రే పైకెత్తాడు. నీళ్లు కారాయి. అడుగున మేత గుళికలు సగానికి సగం అట్లాగే ఉన్నాయి. నాలుగు రొయ్యలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"చెప్పు తల్లీ, తిన్నాయా లేదా?"

రోజారమణి ట్రేలోకి చూసింది. చెయ్యి పెట్టలేదు. రొయ్యను వెలుతురుకి ఎత్తలేదు. తండ్రి ముఖంలోకి చూసింది.

"ఏం చెప్తే బాగుంటాది నాన్నా?"

"బాగుండేదేందిమే? ఉండేది చెప్పు."

పాప పెదవులు కదిలాయి. గబగబా ఏదో వెతుక్కుంటున్నట్టు కళ్లు అటూ ఇటూ తిరిగాయి. "ఇది లిస్టులో లేదు," అంది చివరికి, ఏడుపు గొంతుతో.

ప్రసాద్ చేతిలో తాడు జారింది. ట్రే దబ్బున నీళ్లలో పడింది.

ఇంటికొచ్చి ఈ మాట చెప్పినప్పుడు వనజాక్షి చేప ముక్కలకు ఉప్పు, పసుపు పట్టిస్తోంది. మొదట "అలసిపోయి ఉంటాదిలే" అంది. చేతులు కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది. వెళ్లి హ్యాండ్‌బ్యాగులోంచి మాస్టారి అరపేజీ తీసి నిలబడే చదివింది. 'తెలియకపోతే తెలియదని చెప్తుంది, తెలిస్తే ఎవరు కాదన్నా ఒప్పుకోదు. ఈ గుణాన్ని పాడుచేయకుండా చదువు చెప్పవలసిందిగా మనవి.' ఆఖరి వాక్యం దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. ఒకనాడు చల్లటి గదిలో తన నోటి దాకా వచ్చి ఆగిపోయిన మాటలు గుర్తొచ్చాయి. అవి బయటికి రాలేదు గానీ, అవి తన మాటలే. ఇప్పుడు తన కూతురికి అరవై రెండు జవాబులు తడుముకోకుండా వస్తాయి, వాటిలో ఒక్కటీ దానిది కాదు.

మధుబాబును తప్పుపట్టడం తేలిక. కానీ అతను వీళ్లు అడిగిందే ఇచ్చాడు. మన పిల్లలు ఎవరో తెలుసుకునే ఓపిక లేక, ఎవరిలా కనిపించాలో కొనుక్కోవడానికి ఫీజు కట్టి వరుసలో నిలబడుతున్నది మనమే. ఆ మధ్యాహ్నం వనజాక్షికి అర్థమైంది ఇదే.

భోజనాలకు నలుగురూ కూర్చున్నారు. మామిడికాయ వేసిన చేపల పులుసు. కామాక్షమ్మ మనవరాలి పళ్లెంలో ముల్లు తీసిన ముక్క పెట్టి, పులుసు పోసి, ఎప్పుడూ అడిగే ప్రశ్నే అడిగింది.

"ఉప్పు సరిపోయిందా బుజ్జమ్మా?"

రోజారమణి ఒక ముద్ద తిని, తల తిప్పి తల్లి వైపు చూసింది. చూసి, అట్లాగే ఆగింది.

వనజాక్షి గరిటె కింద పెట్టింది.

"అందరూ వినండి. రేపు ఆ స్కూలుకి నేనే లెటరు రాస్తాండాను. నా ఇంగ్లీషులోనే. తప్పులుంటే ఉండనీ. ఆ వ్యాసం మా పిల్ల రాసింది కాదు, ఆ ఫోటోలు నిజం కావు, టీచరు ఉత్తరం మాస్టారు రాసింది కాదు అని రాస్తాను. మాస్టారు రాసిన అసలు కాగితం జత చేస్తాను. మా ఆయన రొయ్యల రైతు, మా అత్త ఎండు చేపలమ్మి కొడుకుని చదివించింది అని కూడా రాస్తాను. ఇష్టమైతే పిల్లను మళ్లీ పిలిచి మాట్లాడమంటాను."

కామాక్షమ్మ చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది. తన గురించి ఎక్కడో రాయకుండా వదిలేశారన్న సంగతి ఆమెకు ఇప్పుడే తెలిసింది. కోడలు అత్త కళ్లలోకి చూసి తల దించుకుంది. ముసలామె పులుసు గిన్నె కోడలి వైపు జరిపింది.

"సీటు పోతాది వనజా," అన్నాడు ప్రసాద్ మెల్లగా.

"పోవచ్చు. పోతే హెబ్రోను మాస్టారి దగ్గరే చదువుకుంటాది, వచ్చే ఏడు మనమే అప్లికేషన్ పెడదాం. ఇంకో మనిషి పేరు మీద వచ్చిన సీటులో మన బిడ్డను కూర్చోబెడితే, ఇంక జన్మలో అది ఇంకో మనిషిలాగానే బతకాల. మీరు ట్రే ఎత్తకుండా గుంట పోగొట్టుకున్నారు. నేను పిల్ల విషయంలో అదే చేసినాను. పైన పచ్చగా ఉండాదని మేత వేస్తానే పోయినాను."

బయట ఏరియేటర్లు తిరుగుతూనే ఉన్నాయి. రోజారమణి ఇంకా తల్లినే చూస్తోంది.

"నన్ను చూడబాక రమణీ," అంది వనజాక్షి. "ఈ ఇంట్లో ఇకమీద ప్రశ్న ఎవరినడిగితే జవాబు వాళ్లదే. బిడ్డకి మనం చదువు చెప్పించొచ్చు, జవాబు చెప్పించకూడదు. అవ్వ అడిగింది నిన్ను."

రోజారమణి పళ్లెం వైపు తిరిగింది. పులుసులో వేలు ముంచి, మళ్లీ రుచి చూసింది. తొందరపడకుండా, ఒకప్పుడు రొయ్యను వెలుతురుకి ఎత్తి చూసినంత శ్రద్ధగా.

"రవ్వంత ఎక్కువైంది అవ్వా," అంది.