చంకన బరువు

పుట్టిన దగ్గర్నుంచీ నిలబడే బతికిన ఇంద్రాణికి నిలబడటం రాదని జయరాజు సారు తేల్చేశాడు. ఆయన మిలిటరీలో రిటైరై వచ్చి, కుందుర్పిలో ఒక వేరుశనక్కాయల గోదాములో పిల్లలకు ఎయిర్ రైఫిల్ నేర్పుతున్నాడు. గోదాము ఎందుకు ఖాళీగా ఉందో వానల్లేని ఆ ఊళ్ళో ఎవరూ అడగరు.

"కండతో మోయొద్దు పాపా, ఎముక మీద పెట్టు" అని ఆయన గొంతు చించుకునేవాడు. ఇంద్రాణి పోలీసులా నిటారుగా నిలబడేది. తుపాకి ఊగేది, గుళ్ళు గోడకు తగిలేవి.

ఒకరోజు ట్యాంకరు దగ్గర నిండు బిందె ఎడమ చంకన పెట్టుకుని పక్కింటామెతో కబుర్లాడుతుంటే సంగతి ఆమెకే తట్టింది. బిందె తుంటి ఎముక మీద కూర్చుని ఉంది. ఎంతసేపున్నా నొప్పి లేదు. బిందెతోనే గోదాముకు పోయింది. దాన్ని దింపి, నడుము కదపకుండా తుపాకి ఎత్తి, మోచెయ్యి అదే ఎముకకు ఆనించింది. గుళ్ళన్నీ ఒక్కచోటే పడ్డాయి.

సారు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "గోడ బతికిపోయిందిలే" అన్నాడు.

అప్పట్నుంచీ ముందు బిందె, తర్వాత తుపాకి. బిందె ఎత్తనిదే నడుముకు దాని చోటు దొరికేది కాదు.

అనంతపురంలో షూటింగ్ అకాడమీకి సెలక్షన్. ఉన్నది ఒక్క చోటు. అది రాకపోతే సోమవారం మేనమామతో బెంగళూరు గార్మెంట్స్‌కు పోవాలి. "ఆడ అంతా కూచునే పనేలే" అని తల్లి లక్ష్మక్క ధైర్యం చెప్పింది. ఆ కూచోవడమంటేనే ఇంద్రాణికి భయం.

నిండు బిందెతో వచ్చిన తల్లీకూతుళ్ళను హాలు గుమ్మంలో జడ్జి మల్లికార్జున ఆపాడు. ఆయన చంకన మనవరాలుంది. కోడలు డ్యూటీకి పోతూ ఆయనకు అప్పగించింది.

"నీళ్ళు లోపలికి కుదరవమ్మా. నేల తడిస్తే పిల్లోళ్ళు జారతారు. పారబోసి రా."

లక్ష్మక్క జన్మలో నీళ్ళు పారబోసిన మనిషి కాదు. కనబడిన ప్రతివాళ్ళ సీసాలోనూ పోసి, మిగిలినవి తాను తాగింది.

ఇంద్రాణి ఖాళీ బిందెతో లోపలికి నడిచింది. ఎదురొచ్చిన కోచ్‌లందరూ మొహాలు తిప్పుకున్నారు. ప్రతి ఆదివారం చర్చికి పోయే జయరాజు సారు కూడా ఫ్యాను వైపు చూశాడు.

ఖాళీ బిందెను నడుము గుర్తుపట్టలేదు. తుపాకి మళ్ళీ ఊగింది. ఇంద్రాణికి ఏడుపొచ్చింది. తుపాకి బల్ల మీద పెట్టి జడ్జి దగ్గరికి వచ్చింది.

"సార్, పాపను రోంతసేపు ఇస్తారా?"

"ఎందుకమ్మా?"

"నిలబడేదానికి."

మల్లికార్జున రూల్సు పుస్తకం తిరగేశాడు. పిల్లల గురించి అందులో ఏమీ లేదు. ఇచ్చాడు. పాప ఇంద్రాణి జడ పట్టుకుని లాగింది. బరువు ఎముక మీద కూర్చుంది. పాపను తాతకిచ్చి, నడుము అలాగే ఉంచి, పక్కకు ఒరిగిన మనిషిలా నడిచివెళ్ళి తుపాకి ఎత్తింది.

సాయంత్రం పిలిచిన ఆ ఒక్క పేరూ ఆమెదే. ఇంద్రాణి తల్లిని పట్టుకుని ఏడ్చేసింది.

లక్ష్మక్క ఒక చేత్తో కూతురి వీపు నిమురుతూ, ఇంకో చేత్తో అన్నకు ఫోన్ చేసింది.

"పిల్ల రాదులే అన్నా. కూచునే పని దానికి చేతకాదు."