క్వాకు అడాయి పొగ కార్డు

నా రాతలో తప్పులు దొర్లితే మన్నించండి. నాకు అక్షరాలు అరవై మూడో ఏట వచ్చాయి. ఒక పేజీ రాయాలంటే పూట పడుతుంది. ఆ పూటలో మూడు గిన్నెలు చేసుకోవచ్చు. అయినా ఇది ఇంకొకరి చేత రాయించే సంగతి కాదు.

క్వాకు అడాయి మీద నేను కక్ష ఎలా తీర్చుకున్నానో చెప్తాను. చర్చిలో నాకు చదువు నేర్పిన టీచరమ్మ, చివర్లో అతన్ని క్షమించినట్టు రాస్తే బాగుంటుందని అంది. జరగనిది ఎలా రాస్తాను?

మాది కుమ్మరి పేట. మాలో మట్టి పని ఆడవాళ్లది, మగవాడు మట్టి ముట్టడు. మా ఆయన పోయి పన్నెండేళ్లయింది. ఆవం మా అమ్మ బిరాగోది, అంతకు ముందు వాళ్లమ్మది. నడుమెత్తు గుండ్రటి గోడ, చుట్టూ మంట పెట్టే నోళ్లు. కోత మిల్లు నుంచి తెచ్చిన చెక్క ముక్కలతో కాలుస్తాం. తెల్లవారాక, ఎర్రగా కాలిన గిన్నెల్ని పొడుగాటి కర్రలతో బయటికి లాగి పచ్చి ఆకుల్లో, రంపపు పొట్టులో పూడ్చేస్తాం. అసలు పొగ అప్పుడు లేస్తుంది. ఆ పొగ తాగితేనే మిరపకాయలు నూరుకునే గిన్నెకు నల్లదనం వస్తుంది. ఎర్రగా మిగిలిన గిన్నెను మా సంతలో ఎవరూ ముట్టరు. అందుకే మాలో ఒకరి కాల్పును మెచ్చుకోవాలంటే, "ఏం పొగ లేచిందే, కాకి కూడా దారి తప్పింది" అంటారు.

అడాయి కౌన్సిల్లో శానిటరీ ఇన్‌స్పెక్టరు. మా వీధిలోనే పుట్టాడు. వాళ్ల అమ్మమ్మ ఎసీ నీళ్ల కుండలు చేసి మా ఆవంలోనే కాల్చుకునేది. మా అమ్మ చేతి గిన్నెలో వాడు తిన్న ఫుఫు ముద్దలకు లెక్క లేదు. ఐదేళ్ల కిందట ఒకరోజు గంజి పెట్టిన యూనిఫాంలో వచ్చి నా పక్కన కూర్చున్నాడు. కౌన్సిల్ పొగ మీద కొత్త నిబంధనలు పెట్టిందని, ఆవాలన్నీ చూసి రాసుకుంటున్నానని చెప్పాడు. అమ్మ ఆరోగ్యం అడిగాడు. కట్టె ఎక్కడ కొంటున్నానో అడిగాడు. ఆ తర్వాత, నీ పొగ ఎప్పుడు బాగా నల్లగా వస్తుంది పెద్దమ్మా అని అడిగాడు.

కుమ్మరి మనిషిని అడగకూడని మాట అది, అడిగితే ఇక నోరాగదు. నా ఛాతీ పొంగిపోయింది.

"ఏడింటికి రా నాయనా, ఆకుల్లో పూడ్చేటప్పుడు. నా పొగంత నల్లటి పొగ ఈ పేటలో ఇంకెవతెకీ రాదు. అరగంటకి తగ్గదు" అన్నాను.

అన్నది అన్నట్టే రాసుకున్నాడు. కాగితం చాచాడు. పోయినేడు నేతవాళ్లకు కౌన్సిల్ బహుమతి ఇచ్చింది, ఈసారి మా వంతేమో అనుకున్నాను. బొటనవేలికున్న మట్టి తుడుచుకుని మరీ ముద్ర వేశాను.

తర్వాతి కాల్పుకు చెప్పిన వేళకే వచ్చాడు. చర్చి మెట్ల మీద నిలబడి, చేతిలో ఒక కార్డు ఎత్తి పొగ పక్కన పెట్టి చూశాడు. ఆ కార్డు మీద ఐదు గళ్లుంటాయి, మొదటిది తెలుపు, చివరిది నలుపు. పొగ ఏ గడికి సరిపోతే అది పొగ రంగు. మూడో గడి దాటి పది నిమిషాలు నిలిస్తే నేరం. అదేదీ నాకు తెలియదు. వాడికి చెయ్యి ఊపి, పనిలో ఉన్న ఆడవాళ్లతో, ఇన్‌స్పెక్టరు చూస్తున్నాడే, ఇంకో తట్ట ఆకులు వెయ్యండి అన్నాను.

పది రోజులకు ఆవం పడగొట్టమని ఉత్తరువు తెచ్చాడు, వెంట గడ్డపారలతో ఇద్దరు కూలీలు. ఆవం నిండుగా ఉంది. అందులో ఉన్నవి మా అమ్మ గిన్నెలు. ఆమెకప్పుడు ఎనభై నాలుగు. రోజుకో గిన్నె, ఒక్కోసారి రెండ్రోజులకో గిన్నె, వానలు వెలిసినప్పటినుంచి చేసుకుంటూ వచ్చింది. ఇవే నా చివరివి అని తనే చెప్పింది. అవి ఇంకా కాలలేదు. ఒక్క రాత్రి ఆగు, కాల్చుకున్నాక నేనే పడగొట్టుకుంటాను అని వాడి చెయ్యి పట్టుకున్నాను.

"రూలు రూలే పెద్దమ్మా. కాగితం మీద ఇవాళ్టి తారీఖు వేసుంది" అన్నాడు.

గోడను లోపలికే తోయించాడు. కాలని గిన్నె విరగదు, పొడి అవుతుంది. చప్పుడు కూడా పెద్దగా రాలేదు. అమ్మ పీట మీద కూర్చుని చూసింది. ఏడవలేదు.

"వీడు ఎసీ మనవడు కదూ?" అని మాత్రం అడిగింది.

ఆ తర్వాత ఆమె మట్టి ముట్టలేదు. యాభై రోజులు తిరక్కుండానే పోయింది. ఆమె చావు వంటకు మిరపకాయలు నూరడానికి సంతలో గిన్నె కొనుక్కొచ్చాం. కుమ్మరి ఇంట్లో! అది నాకు ఇప్పటికీ గొంతు దిగలేదు.

నాలుగు నెలలకు చర్చి పక్క ఖాళీ స్థలంలో వాడి పెళ్లాం సెర్వాకు బ్రెడ్డు బట్టీ లేచింది, కట్టెలు పెట్టి కాల్చేదే. మా మసి రొట్టెల మీద పడకూడదు కదా. పేటంతటికీ సంగతి అర్థమైంది. నేను సంతలో రాతగాడి చేత ఫిర్యాదు రాయించుకుని ఆఫీసుకు వెళ్లాను. అందుకున్నది అడాయే.

"ఇది నీ చేతి రాత కాదుగా పెద్దమ్మా. ఫిర్యాదు సొంత చేత్తో రాయాలి, పుస్తకంలో ఉంది. నేర్చుకుని రా, నాకేం తొందర లేదు."

గుమాస్తాలు నవ్వారు. నేనూ వాళ్లతో కలిసి నవ్వి, కాగితం మడిచి రొంటిన పెట్టుకుని వచ్చేశాను.

ఆ ఆదివారమే చర్చి హాల్లో పెద్దవాళ్ల చదువుకు చేరాను. టీచరమ్మ ఒక్కొక్కరినీ ఎందుకు నేర్చుకుంటున్నారని అడిగింది. ఒకామె కీర్తనలు చదవడానికంది. ఒకామె ఫోన్లో పేర్లు చూసుకోవడానికంది. నేనూ దేవుడి మాట కోసమే అన్నాను. ఆ అబద్ధం ఆయన రాసుకునే ఉంటాడు. చక్రం లేకుండా గిన్నె అంచు గుండ్రంగా తిప్పే చెయ్యి, పలక మీద సున్న చుట్టడానికి నానా తంటాలు పడింది. రెండేళ్లు పట్టింది. మధ్యలో ఎన్నోసార్లు మానేద్దామనుకున్నాను. అలా అనుకున్నప్పుడల్లా ఆఫీసు గుమ్మం దాకా వెళ్లి వాడి ముఖం చూసి వచ్చేదాన్ని.

నేను మొదట చదివిన పుస్తకం కౌన్సిల్ పొగ నిబంధనలు. ఎడమ పేజీ ఇంగ్లీషు, కుడి పేజీ మా ట్వి భాష. వేలు పెట్టుకుని మూడు నెలలు చదివాను. ఫిర్యాదు సొంత చేతి రాతే కావాలి, అది వాడు అబద్ధమాడలేదు. ఎన్నాళ్లలోపు వేయాలో రాయడం మాత్రం మరిచిపోయారు. చర్చికి, బడికి అరవై అంగల లోపల వ్యాపారానికి కట్టెల మంట పెట్టకూడదు. మా ఆవం నూట ఇరవై అంగల దూరం. బట్టీ దాకా నడిచి చూశాను, నలభై ఒకటి.

ఆ తర్వాతి పేజీలో ఒక వాక్యం దగ్గర నా వేలు ఆగిపోయింది. పొగను చూసే అధికారి వీపు సూర్యుడి వైపు ఉండాలట. మూడుసార్లు చదివాను. చర్చి మెట్లు మా ఆవానికి పడమట ఉన్నాయి. వాడు పొద్దున ఏడింటికి పొడిచే సూర్యుడికి ఎదురుగా నిలబడి చూశాడు. ఎండకెదురుగా చూస్తే అన్నం కుండ ఆవిరి కూడా నల్లగానే కనిపిస్తుంది. ఎసీ బతికుంటే వాడికి ఆ మాట చెప్పేది.

పుస్తకం అట్ట మీదే కార్డు అచ్చేశారు. దాన్ని చింపుకుని, పీట వేసుకుని, బట్టీకి తూర్పున కూర్చున్నాను. పద్నాలుగు ఉదయాలు కూర్చున్నాను. ఎన్ని నిమిషాలు, ఏ గడి, అన్నీ నా చేత్తో రాసుకున్నాను. సెర్వా మంచి పిల్ల. నాలుగో రోజో ఐదో రోజో వేడి రొట్టె తెచ్చి నా ఒళ్లో పెట్టి, ఎందుకమ్మమ్మా ఈ చలిలో కూర్చుంటావు అంది. వీపుకు ఎండ తగలాలని డాక్టరు చెప్పాడన్నాను. అప్పటినుంచి రోజూ తెచ్చింది. రోజూ తిన్నాను. ఆ వెన్న వేళ్లతోనే నిమిషాలు రాశాను.

అప్పుడు నా చేత్తోనే ఫిర్యాదు రాసి కౌన్సిల్లో ఇచ్చాను. విచారణ రోజున అడాయి దాన్ని చూసి నిబ్బరంగానే ఉన్నాడు. ఈమెకు చదువు రాదని, వేలిముద్ర తన దగ్గరుందని, ఎవరో రాసిస్తే తెచ్చిందని చెప్పాడు. కౌన్సిల్ అధ్యక్షురాలు నా ముందు కాగితం, కలం పెట్టింది. నిబంధనల్లో ఏదో ఒకటి చూడకుండా రాయమంది.

రాయడం మొదలుపెట్టాను. నాకు ఎంతసేపు పట్టిందో తెలియదు.

"ఈలోగా భోజనాలు తెప్పించమంటారా?" అన్నాడు అడాయి. కొందరు నవ్వారు. నేను తల ఎత్తలేదు. చుట్టాల్సిన సున్నలన్నీ చుట్టి కాగితం ముందుకు తోశాను.

అధ్యక్షురాలు పైకి చదివింది. అధికారి వీపు సూర్యుడి వైపు ఉండాలి. ఒక అక్షరం తప్పుందని, ఫరవాలేదని అంది. తర్వాత అడాయి రాసిన పాత నివేదిక తెరిచింది. ఉదయం ఏడు గంటలకు, చర్చి మెట్ల మీద నిలబడి, తూర్పున ఉన్న ఆవాన్ని చూసితిని అని వాడి రాతలోనే ఉంది. ఆమె అక్కడ ఆగింది.

"మీ పేటలో సూర్యుడు ఎటు పొడుస్తాడు ఇన్‌స్పెక్టర్ గారూ?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. వాడి మెడ మీద చెమట పట్టడం నేను చూశాను. పొగ నల్లగా వస్తుందని ఆమే ఒప్పుకుంది, ముద్ర కూడా వేసింది అన్నాడు.

"గొప్పలు చెప్పుకున్నానమ్మా. గొప్పలు చెప్పుకుంటే ఆవం పడగొట్టొచ్చని ఆ పుస్తకంలో ఎక్కడుందో చూపించమనండి" అన్నాను.

నా పొగ నిజంగానే నల్లటిది. ఎటునుంచి చూసినా నల్లటిదే. ఆ సంగతి నన్నెవరూ అడగలేదు, నేను చెప్పలేదు. ఆ తర్వాత పద్నాలుగు ఉదయాల కాగితాలు బల్ల మీద పెట్టాను.

ఆవం మళ్లీ కట్టుకోవడానికి నాకు అనుమతి వచ్చింది. బట్టీ తీసేయమని ఉత్తరువు వచ్చింది. ఎవరి పరిధిలో ఉంటే ఆ ఇన్‌స్పెక్టరే దగ్గరుండి పడగొట్టించాలని నిబంధన.

ఉత్తరువు అమలయ్యే ముందు రోజు పేట పెద్ద బొన్సు సారా సీసా పట్టుకుని వచ్చాడు. వెనకాల అడాయి, సెర్వా. మాలో పెద్దమనిషి సీసాతో వచ్చి బతిమాలితే కాదనే ఆచారం లేదు. పగ ఎంతదైనా అక్కడితో సరి. బొన్సు సీసా నా కాళ్ల దగ్గర పెట్టాడు. వాడు తప్పు చేశాడు, నీ ఆవం నీకు వచ్చింది, ఆ పిల్ల పొయ్యి జోలికి పోకు ఫొఫీ అన్నాడు.

"నేనేం చేశాను అమ్మమ్మా? రోజూ నీకు రొట్టె తెచ్చిచ్చాను కదా" అంది సెర్వా.

"నీ రొట్టె బాగుండేది తల్లీ. మా అమ్మ గిన్నెలూ బాగుండేవి."

అడాయి మోకాళ్ల మీద ఉన్నాడు. ఒక్క రాత్రి ఆగమంటే ఆ రోజు ఏమన్నావు అని అడిగాను. నేలనే చూస్తూ, రూలు రూలే అన్నాను పెద్దమ్మా అన్నాడు.

"సరే. మా అమ్మనడిగి చెప్తాను" అని సీసా వెనక్కి తోశాను.

మా పేటలో సీసా తిప్పి పంపినదాన్ని నేనొక్కదాన్నే. బొన్సు అప్పటినుంచి నాతో మాట్లాడడు. పేటలో సగం మంది మాట్లాడరు. నా చావుకు వాళ్లు రారు, అది తెలిసే తోశాను.

మర్నాడు కూలీలిద్దరూ రాలేదు. మా పేటవాళ్లే, ఇద్దరికీ ఒకేసారి జ్వరం తగిలింది. అడాయి యూనిఫాం చొక్కా విప్పి కొమ్మకు తగిలించి, తనే గడ్డపార పట్టాడు. బట్టీ గట్టిది, బాగా కట్టించుకున్నాడు. నేను పీట వేసుకుని మొదటి దెబ్బనుంచి చివరి ఇటుక దాకా చూశాను. అన్నానికి పిలిస్తే లేవలేదు. నడి మధ్యాహ్నం వాడు ఆగి, బొబ్బలెక్కిన అరచేతులు చూసుకుని నా వైపు తిరిగాడు. ఇక చాలా అని అడుగుతాడనుకున్నాను. అడగలేదు. మళ్లీ గడ్డపార ఎత్తాడు.

సెర్వా పుట్టింటికి వెళ్లిపోయింది. అక్కడ మళ్లీ రొట్టెలు కాలుస్తోందని విన్నాను. ఆ పిల్ల గుర్తొచ్చినప్పుడు మాత్రం లోపల ఎక్కడో గుచ్చుకుంటుంది. ఆ రోజు కొంచెం ఎక్కువ పని చేస్తాను.

అడాయిని సంత కాలవల తనిఖీకి మార్చారు. శనివారం శనివారం నేను గిన్నెలు అమ్ముకోవడానికి అక్కడికే వెళ్తాను. మాలో పెద్దవాళ్లు పలకరిస్తే చిన్నవాళ్లు చేతిలో ఏ పని ఉన్నా ఆపి బదులు చెప్పి తీరాలి. చెప్పనివాడు మనిషి కింద లెక్క కాదు. అందుకని నేను తట్ట దించి, కాలవ గట్టుదాకా నడిచి, సంతంతా వినేలా పిలుస్తాను.

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఇంట్లో అందరూ కులాసానా?"

వాడు బురదలోంచి నడుం ఎత్తి, టోపీ తీసి, కులాసానే పెద్దమ్మా అని చెప్పాలి. చెప్తాడు. ఇప్పటిదాకా ఒక్క శనివారం కూడా తప్పలేదు.

అద్వోవా ఫొఫీ, అరవై ఆరేళ్లు. ఉండేది కుమాసీకి ఉత్తరాన, మంపాంగ్ రోడ్డు పక్కన, ఆవం వెనక గదిలో.