చిన్నల్లుడి చేతిలో డ్రిల్లు

మామగారు డ్రిల్లు తీసుకెళ్ళి చిన్నల్లుడి చేతిలో పెట్టేసరికి పెద్దల్లుడికి ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది. ఏళ్ళ తరబడి ఈ పడవల షెడ్డులో గొడ్డుచాకిరీ చేసింది తను. నిన్నగాక మొన్న అల్లుడైనవాడికా కొత్త బూమ్ అప్పగించడం! బూమంటే మాటలా? తెరచాప అడుగంచును పట్టి ఉంచే అల్యూమినియం గొట్టమది. ఈ రోజు దానికి కప్పీ బిగించే చెయ్యి ఎవరిదైతే రేపు షెడ్డూ వాడిదే.

"అన్నయ్యా, కాస్త పక్కన నిలబడతారా?" అన్నాడు చిన్నల్లుడు.

"నేనెందుకయ్యా! మామయ్యగారే మెచ్చిన పనిమంతుడివి," అంటూనే వెళ్ళి నిలబడ్డాడు. తప్పదు మరి. ఆ షెడ్డులో చిల్లు వేసేవాడి పక్కన ఇంకొకడు ఉండి తీరాలి. పక్కవాడు నోరు మెదపలేదంటే అంతా సరిగ్గా ఉన్నట్టే లెక్క.

చిన్నల్లుడు కొలిచాడు, గుర్తు పెట్టాడు, బిట్టు జారకుండా పంచ్‌తో చిన్న గుంట కొట్టాడు, కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. వంక పెట్టడానికేమీ దొరక్క పెద్దల్లుడి కడుపు మరింత మండింది. అప్పుడు కనబడింది, గొట్టం చివర వేలాడుతున్న తాడు కొస. తెరచాపను బిగించే తాడు ఇంకా లోపలే ఉంది! వెధవ, దాన్ని లాగెయ్యడం మరిచాడు.

నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగేశాడు. కానియ్, తెలిసొస్తుంది అనుకున్నాడు.

చిన్నల్లుడు ఒకసారి తలెత్తి అతని మొహంలోకి చూశాడు. అతను పైకప్పు వంక చూశాడు. డ్రిల్లు రొద పెట్టింది. బిట్టు బయటికొచ్చేసరికి దాని చుట్టూ తెల్లటి పీచు.

సరిగ్గా అప్పుడే మామగారి చెప్పుల చప్పుడు. పెద్దల్లుడు గభాలున అవతలి బల్ల దగ్గరికి జరిగాడు. మామగారు తాడు లాగి చూస్తే సగానికి సగం తెగి ఉంది.

"నడినీళ్ళలో ఇది తెగితే పడవలో వాళ్ళ గతేంటయ్యా? పక్కన ఎవరున్నారు?"

పెద్దల్లుడి పైప్రాణాలు పైనే పోయాయి.

"ఎవరూ లేరు మామయ్యా. తొందరపడి నేనొక్కణ్ణే వేసేశాను," అన్నాడు చిన్నల్లుడు.

మామగారు డ్రిల్లు లాక్కుని పెద్దల్లుడికిచ్చారు. "నాదే బుద్ధి తక్కువ. ఇకనుంచి ఇది నీది. షెడ్డూ నువ్వే చూసుకో."

కోరుకున్నది కోరుకున్నట్టే దక్కింది. అయినా కడుపులో మంట చల్లారదే! తలొంచుకుని అల్యూమినియం పొట్టు ఊడుస్తున్న తోడల్లుడినే చూస్తూ నిలబడ్డాడు. వాడి స్థానంలో ఉంటే తను ఆ అబద్ధం ఆడేవాడా? ఛస్తే ఆడడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.