ఆవిడకేమండీ!

భోజనాల హాలు అరుగు మీద కూర్చుని రావమ్మ క్యారేజీ సర్దుతోంది. అడుగున అన్నం, దాని మీద గోంగూర పప్పు, ఆపైన చారు, అన్నిటికంటే పైన పెరుగు. ఆమె కుడిచెయ్యి ఒళ్ళో పడుకునే ఉంది. ఎడమచేత్తోనే గిన్నెలు ఒకదాని మీద ఒకటి ఎక్కించి, కదలకుండా మోకాలితో అదిమిపట్టి, పైన క్లిప్పు బిగించింది. ఈ విద్య ఆమెకు ఈమధ్యనే అబ్బింది.

"ఏంటక్కా, నువ్విక్కడ ఉంటానికొచ్చావా, పన్లోకొచ్చావా?" మజ్జిగ తాగుతూ అడిగింది పక్కింటి బుల్లెమ్మ. పాలకాయతిప్ప దగ్గర పుట్టి, వయసంతా చేపల గంప మోసిన మనిషి. తుంటి విరిగాక బందరులో ఐసు ఫ్యాక్టరీ నడిపే అల్లుడు ఆమెను ఇక్కడ చేర్చాడు.

"ఊరుకో బుల్లెమ్మా. ఆయన నలుగురితో పాటు పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడలేరు."

"కాళ్ళనొప్పులా?"

"కాళ్ళకేం, నిక్షేపంగా ఉన్నాయి. అలవాటు లేదంతే."

"అలవాటు లేని జబ్బా! దానికి పెళ్ళామొక్కతే మందు."

రావమ్మ నవ్వి క్యారేజీ అందుకుంది. దారిలో వేపచెట్టు నీడన కాసేపు ఆగి, ఆయాసం తీర్చుకుని కదిలింది.

గుడివాడ దాటి నందివాడ వెళ్ళే దారిలో ఉంది ఆ వృద్ధుల నివాసం. మధ్యలో భోజనాల హాలు, చుట్టూ వరసగా చిన్న చిన్న ఇళ్ళు. ఎవరి పనులు వాళ్ళు చేసుకోగలిగితే సరే. లేనివాళ్ళకు ఆయాను ఇస్తారు. కీళ్ళు బిగిసినవాళ్ళకు వ్యాయామం చేయించే మనిషి వస్తాడు. ఎవరికి ఏ సాయం కావాలో నర్సు ఇంటింటికీ వెళ్ళి అడిగి తేలుస్తుంది. రావమ్మ భర్త శివరామయ్య గారు పొలాన్ని చేపల చెరువులకు కౌలుకిచ్చి, భార్యతో ఇక్కడికి వచ్చారు. పిల్లలు లేరు. ఇంట్లో వంటమనిషి నిలవడం లేదన్నది ఆయన చెప్పిన కారణం. ఎందుకు నిలవలేదో రావమ్మకు తెలుసు.

వర్షాకాలం మొదట్లో రావమ్మ కుడిభుజం పట్టేసింది. గుడివాడలో డాక్టరు చూసి, "ఇప్పుడే వ్యాయామం మొదలుపెట్టాలమ్మా, అశ్రద్ధ చేస్తే ఈ చెయ్యి ఇక లేవదు" అన్నాడు. నర్సు వచ్చిన రోజున ఆ మాట చెప్పాలని రావమ్మ అనుకుంది. చెప్పే అవకాశం మాత్రం రాలేదు.

కొత్తగా చేరిన నర్సు రేవతి కుర్చీ లాక్కుని కూర్చుని, "తాతగారూ, స్నానం మీ అంతట మీరే చేస్తారా?" అని అడిగింది.

"మా ఆవిడ నీళ్ళు తోడి పెట్టాలమ్మా."

"బట్టలు?"

"ఆవిడే తీసిస్తుంది."

"మందులు?"

"నాకేం తెలుసు, ఆవిడ చేతిలో పెడితే వేసుకుంటాను."

"మరి మామ్మగారికి ఏమైనా ఇబ్బంది ఉందా?"

రావమ్మ పెదవి విప్పేలోగా శివరామయ్య గారు నవ్వేశారు. "ఆవిడకేమండీ! రాయిలాంటి మనిషి. ఏ పనైనా చేసేస్తుంది."

రేవతి రావమ్మ వైపు చూసింది. రావమ్మ కొంగు సర్దుకుంది, అంతే.

ఆమెకు నోరు లేదా అని మీరు అడగవచ్చు. ఉంది. కాని పరాయివాళ్ళ ముందు మొగుడి మాట కాదనకూడదన్నది ఆ నోటికి చిన్నప్పుడే నేర్పిన పాఠం. మన ఇళ్ళలో ఆ పాఠం నేర్చుకోని ఆడది ఎవరు? ఆ రోజు ఆ ఇంట్లో ఇద్దరిని పరీక్షించారు. నీళ్ళు తోడేది ఆమె, బట్టలు తీసిచ్చేది ఆమె, మందులు గుర్తుపెట్టుకునేది ఆమె. అందుకే ఆమెకు ఏ సాయమూ అక్కర్లేదని తేలింది. ఏ పనీ చెయ్యని ఆయనకు ఆయాను ఇచ్చారు.

ఆయా కొండమ్మ రాకతో రావమ్మకు ఒక పని తగ్గి రెండు పెరిగాయి. కొండమ్మ తోడిన నీళ్ళు ఆయనకు కాగవు. కొండమ్మ తీసిన పంచె ఆయనకు నచ్చదు. "నువ్వు దగ్గరుండి చెప్పవే" అనేవారాయన. అలా దగ్గరుండి చెప్పడం కూడా రావమ్మ పనే అయింది.

ఒక మధ్యాహ్నం క్యారేజీ ఆమె ఎడమచేతిలోంచి జారింది. సరిగ్గా ఇంటి మెట్ల దగ్గర. క్లిప్పు ఊడి, గిన్నెలు విడిపోయి, పొగలు కక్కే చారు పాదం మీద ఒలికింది. రావమ్మ అక్కడే కూలబడింది.

వసారాలో పేపరు చదువుకుంటున్న శివరామయ్య గారు తలెత్తకుండానే అడిగారు. "ఏంటా చప్పుడు? అన్నం పోయిందా?"

వెనకే కర్ర ఊనుకుంటూ వస్తున్న బుల్లెమ్మ ఆ మాట విన్నది. "అన్నానికేం కాలేదు బావగారూ! మీ ఆవిడ కాలు కాలింది. ముందు దేన్ని ఎత్తమంటారు?"

కబురందుకుని రేవతి పరుగున వచ్చింది. పాదం మీద చన్నీళ్ళు పోసి, "నా భుజం పట్టుకుని లేవండి మామ్మగారూ" అంటూ వంగింది. రావమ్మ కుడిచెయ్యి నడుము దాకా లేచి ఆగిపోయింది. రేవతి ఆ చేతిని మెల్లగా పట్టుకుని ఇంకొంచెం పైకి ఎత్తబోయింది. రావమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎన్నాళ్ళనుంచి? మరి జడ ఎవరు వేస్తున్నారు మీకు?"

"నేనేస్తున్నా" అంది బుల్లెమ్మ. "పొద్దున్నే గోడవతల కూర్చోబెట్టుకుని. ఈయనకు తెలిస్తే బెంగ పెట్టుకుంటాడంట!"

శివరామయ్య గారు పేపరు పక్కన పెట్టారు. "నాతో ఒక్కమాట చెప్పలేదేం?"

"మీరు అడగలేదు" అంది రావమ్మ.

రేవతి మెట్టు మీదే ఆమె పక్కన కూర్చుంది. "మామ్మగారూ, మొన్న మిమ్మల్ని అడగాల్సింది తాతగారిని అడిగి వెళ్ళిపోయాను. తప్పు నాది. మళ్ళీ అడుగుతాను, మీరే చెప్పండి."

"దానికేం తెలుసమ్మా, నేను చెప్తా కదా..." అడ్డొచ్చారు శివరామయ్య గారు.

"మీరాగండి."

రావమ్మ పెద్దగా అరవలేదు. కాని వాళ్ళ కాపురంలో ఆ మాట ఆమె నోట రావడం అదే మొదటిసారి.

"అడుగమ్మాయ్" అంది రావమ్మ.

"తాతగారు స్నానం చేసుకోగలరా?"

"చేసుకోగలరు. తోడిచ్చే మనిషి ఉన్నంతకాలం చేసుకోరు."

"అన్నం వడ్డించుకోగలరా?"

"పొద్దున్నే గేటు దాకా నడిచి పేపరు తెచ్చుకుంటారు. అక్కడే నిలబడి చేపల రేటు మీద వాచ్‌మన్‌తో గంటసేపు వాదిస్తారు. ఆ కాళ్ళకూ ఆ చేతులకూ హాలు దాకా రావడం బరువేం కాదు. చేతకాకపోవడం వేరమ్మాయ్, చెయ్యకపోవడం వేరు. నువ్వు ఆ రెంటినీ ఒకే గాటన కట్టావు."

"మరి మీ సంగతి?"

రావమ్మ ఎడమచేత్తో కుడిభుజం పట్టుకుంది. "నాకు చెయ్యి లేవదు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. రవిక తొడుక్కోవాలంటే ఏడుపొస్తుంది. ఇన్నాళ్ళూ పళ్ళబిగువున చేశాను. చేస్తున్నాను కదా అని నాకు నొప్పి లేదనుకున్నారు. నేనూ అలాగే అనుకోనీలే అని ఊరుకున్నాను. ఇక ఊరుకోను. నాకు సాయం కావాలి. అడుగుతున్నందుకు సిగ్గుపడను కూడా."

"అట్టా అడుగక్కా!" అంది బుల్లెమ్మ, కర్రతో మెట్టు మీద ఒక్కటి కొట్టి.

"ఇంకో మాట అమ్మాయ్" అంది రావమ్మ. "నువ్వింకా చాలా ఇళ్ళకు వెళ్తావు. ఏ ఇంట్లోనైనా సాయం ఎవరికి కావాలో తెలుసుకోవాలంటే, కూర్చుని చేయించుకునేవాళ్ళను కాదు, వాళ్ళ చుట్టూ తిరిగి చేసేవాళ్ళను ముందు అడుగు. ఒంటరిగా కూర్చోబెట్టి అడుగు."

రేవతి ఆ మాటకు తల ఊపింది. ఆ తర్వాత ప్రతి ఇంట్లోనూ అలాగే చేసింది.

వారం తిరిగేసరికి వ్యాయామం మొదలైంది. కొండమ్మ ఇప్పుడు రావమ్మకు రవిక తొడుగుతోంది, తల దువ్వుతోంది. శివరామయ్య గారు మాత్రం ముభావంగానే ఉన్నారు. రావమ్మ కాలు మానేదాకా కొండమ్మే ఆయనకు క్యారేజీ తెచ్చిపెట్టింది. కాలు మానింది.

ఆ మధ్యాహ్నం హాల్లో గంట మోగింది. తోమిన క్యారేజీ కిటికీలో బోర్లించి ఉంది. కొండమ్మ దాని వైపు చెయ్యి చాచబోతే రావమ్మ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"ఏమే, గంట కొట్టారు" అన్నారు శివరామయ్య గారు పడక్కుర్చీలోంచి.

రావమ్మ చెప్పులు వేసుకుంది. బయట వేపచెట్టు కింద బుల్లెమ్మ కర్ర మీద ఆనుకుని ఎదురుచూస్తోంది.

"నిన్నే! క్యారేజీ మర్చిపోతున్నావ్!"

రావమ్మ వెనక్కి తిరిగి క్యారేజీని చూసింది, ఆయన్ను చూసింది. ఆయన కాళ్ళ దగ్గరున్న చెప్పుల జతను కూడా చూసింది. పైకి లేవడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్న కుడిచేత్తో తలుపు పూర్తిగా తెరిచిపెట్టి, గడప దాటి వెళ్ళిపోయింది.